కృపను ఏ పద్దులో రాయాలి?

క్రిస్మస్ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం కార్యదర్శిగారు అడిగినప్పుడు, "నేను బోధకుణ్ణి కాదండీ. బి.కామ్. చదివి, ముప్పై ఏళ్లుగా బ్యాంకులో పద్దులు చూసుకుంటున్నవాణ్ణి" అన్నాను. "అయితే పద్దుల గురించే రాయండి" అన్నారాయన నవ్వుతూ. ఆ మాట పట్టుకునే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. మన సభ్యుల్లో క్రైస్తవ కుటుంబాలు కొద్ది. అందువల్ల తెలిసినవారికి చర్వితచర్వణంగా, తెలియనివారికి కొత్తగా అనిపించే మాటలు కొన్ని ఇందులో ఉంటాయి. ఇద్దరూ ఓపిక పట్టాలని మనవి.

మా వృత్తిలో 'గ్రేస్' అనే మాట తరచుగా వినబడుతుంది. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 22వ సెక్షన్ ప్రకారం, ఫలానా తేదీకి చెల్లిస్తానని రాసిచ్చిన ప్రామిసరీ నోటుకు ఆ తేదీ మీద మరో మూడు రోజుల గడువు ఉంటుంది. వాటిని 'డేస్ ఆఫ్ గ్రేస్' అంటారు. బీమా ప్రీమియం ఆలస్యమైతే గ్రేస్ పీరియడ్ ఉంటుంది. పరీక్షలో రెండు మార్కులు తక్కువైన పిల్లవాడికి గ్రేస్ మార్కులు కలుపుతారు. వీటన్నిటికీ పోలిక ఒకటే. కొంచెం తగ్గినచోట కొంచెం కలపడం. నాలుగో రోజున నోటు పట్టుకొస్తే చట్టం వినదు. ఇరవై మార్కులు తక్కువైనవాడికి గ్రేస్ మార్కులు రావు.

క్రైస్తవ విశ్వాసంలో కృప అనే మాటకు అర్థం దీనికి పూర్తిగా వేరు. అక్కడ మనిషి రెండు మార్కుల తేడాతో తప్పినవాడు కాదు, తెల్ల కాగితం ఇచ్చి వచ్చినవాడు. చేతిలో చిల్లిగవ్వ లేకుండా అప్పులవాడి ముందు నిలబడినవాడు. అలాంటివాడికి అర్హత చూడకుండా దేవుడు ఇచ్చేదాన్ని కృప అంటారు. అది చేసిన పనికి కూలి కాదు, పెట్టిన మొక్కుబడికి ప్రతిఫలం కాదు.

మనకు తెలిసిన మాటే

ఈ భావం తెలుగువారికి పరాయిది కాదు. బైబిలును తెలుగు చేసినవారు ఈ అర్థానికి కొత్త మాట పుట్టించలేదు, వాడుకలో ఉన్న 'కృప'నే తీసుకున్నారు. రామదాసు, త్యాగయ్యలు పాడుకున్న మాటే అది. 136వ కీర్తనలో 26 వచనాలుంటే, ప్రతి వచనమూ దేవుని కృపను తలచుకునే ముగుస్తుంది. ఆ తెలుగు చదివినవారెవరికైనా మన భజన సంప్రదాయం గుర్తుకు రాక మానదు.

శ్రీవైష్ణవంలో రెండు న్యాయాలు చెబుతారు. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకుంటుంది, అది మర్కట కిశోర న్యాయం. పిల్లికూన ఏమీ చేయదు, తల్లే దాన్ని నోట కరుచుకుని తీసుకుపోతుంది, అది మార్జాల కిశోర న్యాయం. క్రైస్తవుల కృప రెండోదానికి దగ్గర. జర్మన్ పండితుడు రుడాల్ఫ్ ఒట్టో మన భక్తిమార్గాల్లోని కృపను క్రైస్తవంలోని కృపతో పోల్చి ఒక పుస్తకమే రాశాడు. దాని ఆంగ్లానువాదం 1930లో వచ్చింది.

తెలుగులో ఈ రెండు ప్రవాహాలనూ కలిపినవారిలో మొదట చెప్పుకోవలసింది పురుషోత్తమ చౌదరిగారిని. 1803లో గంజాం ప్రాంతంలోని బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం పొంది, 1890లో కన్నుమూసే వరకు బోధకుడిగా, కవిగా జీవించారు. నూరుకు పైగా తెలుగు క్రైస్తవ కీర్తనలు రాశారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాట మీద రాగం, తాళం పేర్లు కనిపిస్తాయి. పల్లవి, చరణాల పద్ధతి అంతా మనదే. ఈ కీర్తనల్లోని భక్తితత్వం మీద ఆర్.ఆర్. సుందరరావుగారు ఆంగ్లంలో రాసిన గ్రంథం 1983లో, మన బెంగళూరు మిల్లర్స్ రోడ్డులోని క్రైస్తవ అధ్యయన సంస్థ తరఫున మద్రాసు నుంచి వెలువడింది. మా అమ్మకు ఇవేమీ తెలియవు. పొద్దున్నే వాకిలి ఊడుస్తూ చౌదరిగారి కీర్తన ఒకటి పాడుకునేది. అక్షరం రాకపోయినా చరణాలన్నీ నోటికి వచ్చు.

గింజల మాట

మాది ఒంగోలు దగ్గరి పల్లె. చిన్నప్పుడు బడిలో ఒక పిల్లవాడు నన్ను "మీ తాతలు జొన్నగింజల కోసం కలిసినోళ్లంట గదా" అన్నాడు. వాడు ఇంట్లో విన్నదే అన్నాడు. నేను ఏడుస్తూ ఇంటికి వచ్చి అమ్మను అడిగితే, "మీ నాయనమ్మ నడుగు" అంది. నాయనమ్మ ఆ సంగతి తన అత్తగారి నోట విన్నది. ఆమె చెప్పినదాన్ని పెద్దయ్యాక పుస్తకాల్లో చదివి సరిచూసుకున్నాను.

1876 నుంచి 1878 వరకు మద్రాసు రాజధానిని పీల్చి పిప్పి చేసిన కరువు అది. ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ 1866 నుంచి ఉంటున్నారు. జనం ఆకలితో చస్తుంటే ఆయన బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొన్ని మైళ్ల పని కాంట్రాక్టు తీసుకున్నారు. పని చేసినవారికి కూలి ఇచ్చారు. ఆ తవ్వకంలో ఎక్కువమంది మాదిగలు. ఊరి బావి దగ్గరికి, గుడి దగ్గరికి రానివ్వని జనం.

ఆ రోజుల్లో బాప్తిస్మం ఇమ్మని వేలమంది అడిగారు. సంఖ్యలు చూపించుకోవాలనుకునే మనిషికి అంతకంటే మంచి అదను ఉండదు. క్లౌ మాత్రం సుమారు పదిహేను నెలలు ఎవ్వరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. పొట్ట కోసం వచ్చారన్న మాట రాకూడదని, వచ్చేవాడికి కూడా తాను ఎందుకు వస్తున్నాడో తేటపడాలని ఆయన ఉద్దేశం. కరువు సాయం పంచడం ఆగిపోయాక, ఇక చేతికి ఏమీ రాదని అందరికీ తెలిశాకే మళ్లీ మొదలుపెట్టారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఆ జనం ఎందుకు వచ్చారన్నది చరిత్రకారులు ఇప్పటికీ చర్చిస్తారు. ఆకలి, కులం పెట్టిన హింస, ఆశ, విశ్వాసం, ఇవన్నీ ఒకే మనిషిలో ఉండవచ్చు. వాటిని విడదీసి తూచే త్రాసు నా దగ్గర లేదు. కానీ ఆ పదిహేను నెలలు నాకు ముఖ్యం. గింజ పెట్టి విశ్వాసాన్ని కొనకూడదు, విశ్వాసం చూపించి గింజ అడగకూడదు. రెండిటిలో ఏది జరిగినా కృప అమ్మకపు సరుకు అయిపోతుంది. ఎవరూ మనిషిగా లెక్క కట్టని జనానికి, లెక్క కట్టకుండా ఇచ్చే దేవుడున్నాడన్న కబురు ఎంత పెద్దదో నాయనమ్మ ముఖం చూసినప్పుడు అర్థమయ్యేది.

నష్టం ఎవరి పేరున?

ఇక్కడ మా బ్యాంకు సంగతి ఒకటి చెప్పాలి. పత్రికల్లో "బ్యాంకులు ఇన్ని వేల కోట్లు రద్దు చేశాయి" అని వార్త వస్తే, అప్పు మాఫీ అయిందని చాలామంది అనుకుంటారు. రైట్ ఆఫ్ వేరు, మాఫీ వేరు. రైట్ ఆఫ్ అంటే రాని బాకీని ఆస్తుల పట్టీ నుంచి తీసేయడం మాత్రమే. బాకీదారుడి మీద హక్కు పోదు. నోటీసులు వెళుతూనే ఉంటాయి, కోర్టులో దావా నడుస్తూనే ఉంటుంది. మాఫీ అంటే ఆ హక్కునే వదులుకోవడం. అప్పుడు ఆ మొత్తం గాలిలో కలిసిపోదు, అప్పిచ్చినవాడే నష్టంగా భరించాలి. తీసుకున్నవాడికి ఉచితం అయిందంటే, ఎక్కడో ఒకరి పేరున ఖర్చు రాశారన్నమాట.

భద్రాచలం రామదాసు కథ మనకు తెలిసిందే. తహశీలుదారుగా వసూలు చేసిన పైకం గుడికి, నగలకు ఖర్చు పెట్టి గోల్కొండ చెరలో పడ్డాడు. ఎవరి నగకు ఎంతయిందో పాటలోనే రాముడికి లెక్క చెప్పాడు. ఆడిట్ అభ్యంతరానికి అంత అందమైన జవాబు మరెవరూ రాయలేదని మా ఆఫీసులో నవ్వుకుంటాం. చివరికి రామలక్ష్మణులే మారువేషాల్లో వచ్చి తానీషాకు ఆరు లక్షల మొహరీలు చెల్లించి రసీదు తీసుకున్నారని కథ. ఆ కథలో నాకు బాగా నచ్చేది రసీదే. బాకీ లేదని గాలిమాటగా అనలేదు, పైకం కట్టి చూపించారు.

క్రైస్తవుడు సిలువను చూసేటప్పుడు అతని మనసులో ఉండేది దాదాపు ఇదే. దేవుడు పాపాన్ని చూసీచూడనట్టు వదిలేయలేదు. ఆ నష్టాన్ని తన మీదే వేసుకున్నాడు. కృప ఉచితమే కానీ చౌక కాదు.

పదివేల తలాంతులు

2019 డిసెంబరులో, బెంగళూరు కంటోన్మెంట్ వైపు ఒక చర్చిలో తెలుగు ఆరాధనకు వెళ్లాను. ఆ రోజు మత్తయి సువార్త 18వ అధ్యాయం చదివారు. ఒక రాజుకు అతని సేవకుడు పదివేల తలాంతులు బాకీ. తీర్చలేనని కాళ్ల మీద పడితే రాజు జాలిపడి అప్పంతా వదిలేశాడు. ఆ సేవకుడు బయటికి వస్తూనే, తనకు నూరు దేనారములు బాకీ ఉన్న తోటి పనివాణ్ణి గొంతు పట్టుకుని, కట్టేదాకా వదలనని చెరలో వేయించాడు.

ఈ కథ చిన్నప్పటినుంచీ ఎన్నిసార్లు విన్నానో. ఆ రోజు మాత్రం ప్రసంగం సాగుతుండగా కానుక కవరు వెనక లెక్క కట్టాను, వృత్తి అలవాటు. ఒక దేనారము ఒకరోజు కూలి. ఒక తలాంతు ఆరువేల దేనారములు. పదివేల తలాంతులంటే ఆరు కోట్ల రోజుల కూలి. ఏడాదికి 300 రోజులు పని చేసినా రెండు లక్షల ఏళ్లు పడుతుంది. నూరు దేనారములంటే నాలుగు నెలల కూలి. అది కూడా చిన్న మొత్తమేమీ కాదు, కూలివాడికి అది పెద్ద బాకీయే. కానీ మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే ఆరు లక్షలు వచ్చింది. రామదాసు మొహరీల అంకె అదే. యాదృచ్ఛికమే అయినా నా పెన్ను ఆగిపోయింది.

ఎందుకంటే నాకూ ఒక బాకీ రావలసి ఉంది.

2008లో మా తమ్ముడు పొగాకు బ్యారన్ కౌలుకు తీసుకుంటానంటే నా ప్రావిడెంట్ ఫండ్ మీద అప్పు తీసి, ఇంట్లో ఉన్నదీ కలిపి 3,20,000 రూపాయలు ఇచ్చాను. ఆ ఏడు వాడికి కలిసిరాలేదు. పైకం తిరిగి రాలేదు. అంతవరకైతే సరిపెట్టుకునేవాణ్ణే. వాడు నా ఫోన్లు ఎత్తడం మానేశాడు. రెండేళ్లకు కూతురి ఓణీల వేడుక ఘనంగా చేశాడని ఎవరో చెప్పారు. ఆ రోజునుంచి నేనూ మాట మానేశాను. "పోయిందనుకున్నాను, వదిలేశాను" అని అందరితో చెప్పేవాణ్ణి. కానీ బీరువాలో చిన్న నోటుబుక్కు ఉండేది. ప్రతి మార్చి 31న వడ్డీ కట్టి అందులో రాసేవాణ్ణి.

అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "తమ్ముడితో మాట్లాడావా నాయనా?" అని అడిగేది. "చూద్దాంలే అమ్మా" అనేవాణ్ణి. 2016లో అమ్మ పోయింది. మూడు రోజులు ఒకే పందిరి కింద ఉన్నాం. సమాధి దగ్గర పక్కపక్కన నిలబడి చెరో గుప్పెడు మట్టి వేశాం. మాట్లాడుకోలేదు.

ప్రభువు నేర్పిన ప్రార్థనలో ఒక మాట ఉంది. మత్తయి సువార్తలో అక్కడ పాపాలు అని కాదు, ఋణాలు అనే ఉంటుంది. మాకు బాకీ ఉన్నవారిని మేము క్షమించినట్టు మమ్మల్ని క్షమించమని వేడుకోలు. పదకొండేళ్లంటే 572 ఆదివారాలు. అన్ని వారాలూ ఈ మాట నోటితో చెబుతూ ఇంట్లో వడ్డీ లెక్క కట్టుకున్నాను. నేను తమ్ముణ్ణి రైట్ ఆఫ్ చేశాను కానీ మాఫీ చేయలేదు. పట్టీలోంచి పేరు తీసేసి హక్కు మాత్రం గట్టిగా పట్టుకుని కూర్చున్నాను. ఇంత చిన్న సంగతి బ్యాంకు ఆఫీసరుకు పదకొండేళ్లు తెలియలేదు.

కృప పుచ్చుకోవడం ఒక్క క్షణం పని కావచ్చు, అది మన చేతల్లోకి దిగడానికి కాలం పడుతుంది కాబోలు. ప్రపంచమంతా పాడుకునే 'అమేజింగ్ గ్రేస్' రాసిన జాన్ న్యూటన్ 1748లో సముద్రపు తుఫానులో దేవుణ్ణి తలచుకున్నాడు. ఆ తర్వాత కూడా 1754 దాకా బానిసలను మోసే ఓడలకు కెప్టెనుగా ఉన్నాడు. ఆ వ్యాపారం తప్పని కరపత్రం అచ్చు వేసింది 1788లో. నలభై ఏళ్లు.

తమ్ముడి గుమ్మంలో

2020 సంక్రాంతికి మా ఊరు వెళ్లాను. తమ్ముడు నన్ను చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. తల నెరిసింది. కూర్చోమని కూడా అనకుండా, "అన్నయ్యా, ఇంకా సర్దుబాటు కాలేదు..." అన్నాడు. నాలుగేళ్ల తర్వాత ఎదురుపడిన అన్నకు వాడి మొదటి మాట అది. వాడి కళ్లకు నేను అన్నలా కాదు, వసూలుకు వచ్చిన ఆఫీసరులా కనబడ్డాను. ఆ తప్పు వాడిది కాదు.

"బాకీ ఏమీ లేదురా. అది అడగడానికి రాలేదు" అన్నాను.

వాడు నమ్మలేదు. "ఎందుకు లేదు? నెలకు ఐదువేలు పంపుతాను" అన్నాడు. గొంతులో కోపం కూడా ఉంది. ఇవ్వడం కష్టమనుకున్నాను కానీ పుచ్చుకోవడం అంతకంటే కష్టమని అప్పుడే తెలిసింది. ఊరికే ఇస్తే మనిషికి నామోషీ. దేవుడి దగ్గర కూడా మనం చేసేది ఇదే. ఏదో ఒక కిస్తీ కట్టి గౌరవం నిలబెట్టుకోవాలని చూస్తాం.

మరదలు పీటలు వేసింది. అన్నం దగ్గర అమ్మ మాట వచ్చింది. అమ్మ పాడుకునే ఆ కీర్తన చరణాల్లో ఏది ముందో ఏది తర్వాతో ఇద్దరికీ తేడా వచ్చింది. పుస్తకం తీసి చూస్తే ఇద్దరమూ తప్పే. వాడు నవ్వాడు. ఆ నవ్వు చూసి పదేళ్లు దాటింది.

మరి నియమాలు అక్కర్లేదా?

ఇది చదివి, "అప్పులు ఎగ్గొట్టేవారికి మంచి పాఠమే చెబుతున్నారు" అని ఎవరైనా అనవచ్చు. రేపు ఆఫీసులో నా బల్ల ముందు కూర్చున్న బాకీదారుణ్ణి నేను ఊరికే వదిలేయలేను. అది డిపాజిటుదారుల సొమ్ము, దాన్ని మాఫీ చేయడానికి నేనెవణ్ణి? మాఫీ చేసే హక్కు నష్టం భరించేవాడికే ఉంటుంది.

కృప లెక్కలను చెరిపేయదనడానికి లూకా సువార్తలో జక్కయ్య కథే సాక్ష్యం. అతడు పన్నులు వసూలు చేసే పెద్ద అధికారి. పొట్టివాడు కావడంతో యేసును చూడాలని చెట్టెక్కాడు. యేసు అతణ్ణి పేరు పెట్టి పిలిచి, ఈ పూట మీ ఇంట్లోనే బస అన్నాడు. ముందు లెక్కలు తేల్చుకో, తర్వాత వస్తానని అనలేదు. ఆ పిలుపు అందాక జక్కయ్య తనంతట తానే ఆస్తిలో సగం బీదలకు ఇస్తానని, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానని చెప్పాడు. ముందు కృప, తర్వాత చెల్లింపు. ఏ కోర్టు డిక్రీ అయినా అంత వసూలు చేయగలిగేది కాదు. ఆత్మకు నిండుదనం అంటే అదే అనుకుంటాను. ఇచ్చేయడానికి చేయి దానంతటదే తెరుచుకోవడం.

మా తమ్ముడు ఐదువేల కిస్తీ ఎప్పుడూ పంపలేదు, నేనూ అడగలేదు. కానీ ఏటా సంక్రాంతి దాటగానే ఒంగోలు బస్సులో ఒక మూట వస్తుంది. కందిపప్పు, ఎండుమిర్చి, మరదలు పెట్టిన గోంగూర పచ్చడి. మొదటిసారి వచ్చినప్పుడు దాని ధర ఎంత ఉంటుందా అని నా బుర్ర లెక్క వేయబోయింది. మా ఆవిడ చూసి, "ఏవండీ, అది కూడా జమ కడతారా?" అంది. సిగ్గుపడ్డాను.

నోటుబుక్కు చించేశాను. అందులోని చివరి అంకె మాత్రం పైసలతో సహా ఇప్పటికీ గుర్తుంది. అది కూడా మరచిపోయేలా చేయమని ప్రార్థించుకుంటున్నాను. పదివేల తలాంతుల సంగతి గుర్తున్నంత కాలం దాని వల్ల ఇబ్బంది ఉండదని నా నమ్మకం.

ఈ పండుగ రోజుల్లో పాఠక మిత్రుల ఇళ్లలో ఎవరి బీరువాలోనైనా అలాంటి నోటుబుక్కు ఉంటే, ఒకసారి తీసి చూసుకోవాలని నా మనవి. అందరికీ క్రిస్మస్, నూతన సంవత్సర శుభాకాంక్షలు.